లోపల ఇంకెవరున్నారు?

కృష్ణా డెల్టాలో రైలు ఆగే ఒక చిన్న ఊరు. ఆ ఊరి బజారు మలుపులో ఒక ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో ఒక బల్ల, గోడకు అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపలి గదిలో రంగులతో గీసిన తెర. ఆ వెనక చీకటి గది, అందులో ఎర్ర బల్బు, మూడు ట్రేలు, ఎప్పుడూ వదలని హైపో వాసన. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా ఏదో ఒక రోజు ఆ స్టూడియో పెద్దాయన ముందుకు రావలసిందే. బోర్లాపడ్డ నెలల బిడ్డ, పుట్టువెంట్రుకలు తీయించుకుని వచ్చిన గుండు, వేసవిలో మల్లెపూల జడ కుట్టించుకుని, జడ కనపడేలా అద్దానికి వీపు పెట్టి నిలబడ్డ పిల్ల, కుర్చీలో బిగుసుకుని కూర్చున్న కొత్త పెళ్ళికొడుకు, పక్కన నిలబడ్డ పెళ్ళికూతురు. బారసాల, అన్నప్రాశన, ఓణీలు, పెళ్ళి, సీమంతం, షష్టిపూర్తి. ఇళ్ళకు వెళ్ళి తీసేవీ ఆయనే తీసేవాడు.

పెద్దాయనకు ఒక అలవాటు ఉండేది. ఇంటిల్లిపాదినీ వరసలో నిలబెట్టాక, మెడలో వేలాడే యాషికా కెమెరాలోకి పైనుంచి తొంగిచూసి, నొక్కబోతూ ఆగి అడిగేవాడు: "లోపల ఇంకెవరైనా ఉన్నారాండీ?"

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఆ ప్రశ్న వింటే విసుగు. ఎండలో నిలబడ్డవాళ్ళు నలిగిపోతారు, పిల్లలు వరస చెదరగొడతారు. లోపలినుంచి ఎవరో ఒకరు చేతులు తుడుచుకుంటూ రావడం, మళ్ళీ అందరినీ జరపడం. పైగా ఫిలిం దొరకడమే గగనమైన రోజులవి. తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో, ఊటీలో తయారయ్యే ఇందు, వీటి కోసం బెజవాడ దాకా వెళ్ళాలి. రోలుకు 12 ఫొటోలు, అంతే.

ఒకసారి ఒక పెద్దింట్లో మగపిల్లాడి అన్నప్రాశన. బిడ్డ ముందు పుస్తకం, కలం, కత్తి, బంగారు గొలుసు పరిచారు. వాడు పాకి వెళ్ళి కలం పట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫొటో పెద్దాయన నేల మీద పడుకుని తీశాడు. తర్వాత నడవలో అందరూ కలిసి నిలబడ్డారు.

"లోపల ఇంకెవరైనా ఉన్నారాండీ?"

"ఎవరూ లేరయ్యా, కానీయ్" అన్నాడు ఇంటాయన.

ఇంతలో బిడ్డ ఏడుపు అందుకున్నాడు. తల్లి ఎత్తుకుంది, ఊరుకోలేదు. నాయనమ్మ ఎత్తుకుంది, ఇంకా పెంచాడు. పెద్దాయన కెమెరా దించి అన్నాడు: "నడవలో వెలుతురు తక్కువండీ. సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉంచాలి. ఆ కాస్తసేపూ బిడ్డ కదిలితే ముఖం చెరిగిపోద్ది. ఎవరెత్తుకుంటే ఊరుకుంటాడో వాళ్ళ చేతికివ్వండి."

వరసలో ముందు నిలబడ్డ ఎనిమిదేళ్ళ అక్క టక్కున అంది: "అత్తయితే ఊరుకుంటాడు."

ఎవరూ మాట్లాడలేదు. ఆ మేనత్త ఇంటాయన చెల్లెలు. ఇరవై రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ఆ ఇంటి పొయ్యినీ ఆ ఇంటి పిల్లల్నీ చూసుకుంటోంది. ఆ వేళ పిల్లాడి నోట్లో పెట్టిన పాయసం ఆవిడ వండిందే.

"శుభమా అని ఇప్పుడు అదెందుకు?" అంది నాయనమ్మ గొంతు తగ్గించి.

పెద్దాయన ధర్మాధర్మాలేవీ ఎత్తలేదు. "మీ ఇష్టమండీ. కాకపోతే రోలులో ఇదే ఆఖరుది. పాడైతే ఇంకోటి లేదు" అన్నాడు.

ఇంటాయన కాసేపు ఆలోచించి లోపలికి కేకేశాడు. ఆవిడ పమిట చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బిడ్డను అందుకుంది. వాడు ఆవిడ భుజం మీద తల వాల్చి, ఎక్కిళ్ళు ఆపి, కెమెరా వంక చూశాడు. ఊరుకున్నాడు కదా అని ఆవిడ బిడ్డను తల్లికి ఇచ్చి పక్కకు తప్పుకోబోయింది.

"ఇవ్వమాకమ్మా, మళ్ళీ ఏడుస్తాడు. అట్టాగే ఉండు."

నొక్కాడు.

తిరిగి వస్తుంటే కుర్రాడన్నాడు: "సంచిలో కొత్త రోలు ఉందిగా?"

"ఉంది" అన్నాడు పెద్దాయన.

ఆ రాత్రి నెగెటివ్ ఆరాక కవరులో పెట్టి, పైన తేదీ, ఇంటిపేరు, సందర్భం, ఆ కింద ఎడమ నుంచి కుడికి అందరి పేర్లు రాయమన్నాడు కుర్రాణ్ణి. కుర్రాడు రాసుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. "మేనత్త అని రాస్తే సరిపోద్దా?"

"ఎవరికి మేనత్త? వెళ్ళి పేరు కనుక్కుని రా."

కుర్రాడు గొణుక్కుంటూ సైకిలు మీద మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాడు. పెరటి గుమ్మంలో ఆవిడే కనపడింది. పేరు అడిగితే, ఏళ్ళ తరబడి ఎవరూ అడగని మాట కావడంతో, కాసేపు వాడి ముఖంలోకి చూసి, తర్వాత ఇంటిపేరుతో సహా చెప్పింది.

ఏళ్ళు గడిచాయి. కుర్రాడు పెద్దవాడై ఎదురు వరసలో సొంత స్టూడియో పెట్టుకున్నాడు. రంగుల ఫిలిం వచ్చింది, రోలుకు 36 ఫొటోలు, మంచి ఫ్లాష్. ఫ్లాష్ ముందు బిడ్డ ఎవరి చేతిలో ఎంత గింజుకున్నా బొమ్మ చెదరదు. ఎవరెత్తుకుంటే ఊరుకుంటాడని అడగాల్సిన అవసరం తీరిపోయింది. చకచకా తీసేస్తాడని, పీటల మీద ఆలస్యం చేయడని అతనికి మంచి పేరు వచ్చింది. నాడు నడవలో నోరు విప్పిన ఆ అక్క పెళ్ళికి కూడా అతన్నే పిలిచారు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, వియ్యాలవారు, ఊరి పెద్దలు, ఎవరినీ వదలకుండా తీశాడు. లోపల ఇంకెవరున్నారని మాత్రం అడగలేదు.

ఇంకొన్నేళ్ళకు ఆ మేనత్త పోయింది. పెద్దకర్మకు పటం కట్టించాలి. మేనకోడలు అతని స్టూడియోకు వచ్చి, తన పెళ్ళి ఫొటోల్లో అత్త ఉంటుంది, చూడమంది. నెగెటివులన్నీ దీపానికి ఎదురుగా పట్టి వెతికారు. తలంబ్రాల ఫొటోలో, జనం వెనక, గది తలుపు సందులో ఒక చెయ్యి, పావువంతు ముఖం. అంతే దొరికింది. అతను పనిమంతుడు. దాన్నే పెద్దది చేసి, కుంచె పట్టి రెండో చెంప దిద్ది, కళ్ళకు మెరుపు పెట్టి చూపించాడు. ఆ పిల్ల చాలాసేపు చూసింది. ముఖం వచ్చింది గానీ అత్త రాలేదు.

"ఈవిడ మా అత్త కాదండీ."

అతనికి ఆ రాత్రి, సైకిలు ప్రయాణం గుర్తొచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని రోడ్డు దాటి పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. పెద్దాయనకు అప్పటికే చూపు మందగించింది. రేకు పెట్టె చూపించి, సంవత్సరం ప్రకారం ఉంటాయి, నువ్వే తియ్యి అన్నాడు. కవరు దొరికింది. దాని మీద అక్షరాలు తనవే. నెగెటివులో తెల్లగా ఉండాల్సినవి నల్లగా, నల్లగా ఉండాల్సినవి తెల్లగా ఉన్నా, భుజాన బిడ్డతో నిలబడ్డ మనిషి ఎవరో ఆ మేనకోడలికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కవరు మీది పేర్లు చదువుకుంటూ వచ్చి అడిగింది: "ఇదెవరి పేరు?"

"మీ అత్తది" అన్నాడతను.

"ఈ పేరు నేనెప్పుడూ వినలేదండీ."

పటం కింద ఆ పేరే రాయించారు.

ఆమె వెళ్ళాక శిష్యుడు అడిగాడు: "ఇన్నేళ్ళకు ఈ ఫొటో కోసం వస్తారని మీకు అప్పుడే ఎట్లా తెలుసు?"

"నాకేం తెలుసు? ఇంట్లో ఇంతమంది తీరిగ్గా వరసలో నిలబడ్డారంటే, లోపల పొయ్యి దగ్గర ఎవరో ఒకళ్ళు ఉన్నట్టే లెక్క. నాకు తెలిసింది ఆ ఒక్కటే."

* * *

ఈ కథకు నీతి నా మటుకు నాకు ఇది: వేడుకను ఫొటో తీసేవాడు కెమెరా పైకెత్తే ముందే, ఆ వేడుకను మోస్తున్నవాళ్ళు ఎక్కడున్నారో వెతకాలి. వాళ్ళు లేని ఫొటో ఎంత అందంగా వచ్చినా సగం ఇంటిదే అవుతుంది.

ఇంటి ఆచారాల్లో వేలు పెట్టడం ఫొటోగ్రాఫరు పనా అని అడిగేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పెళ్ళింట్లో పురోహితుడి తర్వాత పెద్దలంతా మారుమాట్లాడకుండా వినేది ఫొటోగ్రాఫరు మాటే. "కాస్త ఇటు జరగండి", "తలెత్తండి", "మీరు ముందుకు రండి" అంటే జిల్లా పెద్దయినా జరుగుతాడు, తలెత్తుతాడు. ఆ అరనిమిషపు అధికారం ఊరికే వచ్చింది కాదు. ఆ బొమ్మ తమ తర్వాత కూడా ఉంటుందని అందరికీ తెలుసు గనక ఇచ్చింది. దాన్ని వెలుతురు సరిచేయడానికి వాడుకోవచ్చు. ఒక మనిషిని వరసలోకి పిలవడానికీ వాడుకోవచ్చు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ రోజు ఆయన ఎదుర్కొన్న వ్యతిరేకతను మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అయినా నేటికీ ఎన్నో ఇళ్ళలో భర్త పోయిన తల్లి కన్నబిడ్డ పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వెనక్కి తగ్గుతుంది. ఎవరూ ఆపకపోయినా తనే తగ్గుతుంది, అంత లోతుగా దిగింది అశుభమన్న ఆ మాట. ఇది క్రూరమైన ఆచారం. ఆల్బమ్ ఆ క్రూరత్వాన్ని చెప్పాపెట్టకుండా భద్రపరుస్తుంది, ఎందుకంటే లేని మనిషి ఫొటోలో కనపడదు, కనపడనిదాన్ని మనవలు అడగరు.

అలాగని ప్రతి నడవలోనూ తగవు పెట్టుకోవాలని లేదు. లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరు. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి కెమెరా ముందుకు రాలేరు. ఆయన వాళ్ళ పరదా మీద ఉపన్యాసం ఇవ్వలేదు. 1892లో హైదరాబాదులో వాళ్ళ కోసమే ఒక జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టారు. కథలో పెద్దాయన వెలుతురు తక్కువని, ఫిలిం అయిపోయిందని సాకు చెప్పాడు. ఆయన చెప్పిన వెలుతురు సంగతి నిజమే, రోలు సంగతి అబద్ధం. నాకు ఆ అబద్ధం మీద ఏ ఫిర్యాదూ లేదు. దానివల్ల ఎవరి తలా వంగలేదు, ఒకరి తల మాత్రం లేచింది.

ఫ్లాష్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పనిముట్టు మెరుగైన ప్రతిసారీ మనిషిని అడగాల్సిన అవసరం ఒకటి తగ్గుతూ వచ్చింది. 12 ఫొటోల రోలుతో తీసేవాడు ప్రతి ఫొటోకూ ముందు ఎవరెవరు ఉండాలని అడిగి తీరాలి. ఇప్పుడు ఒక్క పెళ్ళికి వేల ఫొటోలు తీస్తున్నారు, పైన డ్రోను ఎగురుతోంది, క్యాండిడ్‌కు వేరే మనిషి ఉంటున్నాడు, కరిజ్మా ఆల్బమ్ మోయడానికే ఇద్దరు కావాలి. ఫ్రేముకు పైసా ఖర్చు లేదు. ఇన్ని తీసీ ఆల్బమ్ తిరగేస్తే వధూవరులు, వాళ్ళ వెనక డబ్బు పెట్టినవాళ్ళు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పసుపు దంచిన పిన్ని ఏ పేజీలో ఉంది? సన్నాయి ఊదిన ఆయన ఏ పేజీలో ఉన్నాడు? ఫోనుల్లో పరిస్థితీ అంతే. బిడ్డ తొలి అడుగు, తొలి పుట్టినరోజు, బడికి వెళ్ళిన తొలి రోజు, అన్నీ తల్లి తీసినవే. తీసింది గనక ఏ ఒక్కదాంట్లోనూ తను లేదు.

ఈ పని చేస్తున్న యువ ఫొటోగ్రాఫర్లకు నేను చెప్పగలిగింది ఉంది. వంటింట్లోని మనిషిని ముహూర్తానికి ముందే వెళ్ళి తీయాలి. తర్వాతైతే "ఇప్పుడు కాదు నాయనా, చీర మార్చుకుని వస్తా" అంటుంది. ఆ రావడం ఉండదు, భోజనాల బంతులు మొదలైపోతాయి. చీర మార్చుకోవాల్సిన పని లేదని, పని చేసుకుంటూ ఉండగానే తీస్తానని చెప్పండి. అరిసెల పాకం చూస్తున్న చేతులు, ముఖం, రెండూ కలిసి రానివ్వండి. ఆ తర్వాత వరసలోకి కూడా పిలవండి, మధ్యలో నిలబెట్టండి. ఆవిడను అంచున నిలబెడితే రేపు ఆల్బమ్ డిజైను చేసేవాడు అంచు కత్తిరించేస్తాడు.

ఓటరు గుర్తింపు కార్డులు 1993లో వచ్చాయి. అంతకుముందు పోయిన చాలామంది పల్లెటూరి స్త్రీలకు ఏ కాగితం మీదా ముఖం లేదు. వాళ్ళ పటాలు ఏదో పెళ్ళి గుంపులోంచి విడదీసి పెద్దవి చేసినవే. ఆ గుంపు ఫొటోల నెగెటివులు ఎన్నో ఇప్పుడు లేవు. నలుపు తెలుపు ఫిలిం మీద మిగిలేది అచ్చమైన వెండి, కాబట్టి డిజిటల్ వచ్చాక పాత నెగెటివుల పెట్టెలు తూకానికి కొనేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళి, కరిగి, వెండిగా తేలాయి. రంగుల నెగెటివును కడిగేటప్పుడే వెండి వెళ్ళిపోతుంది గనక వాటి కోసం ఎవరూ రాలేదు. అంటే ముందు పోయినవి పాత తరం ముఖాలే. స్టూడియోవాళ్ళను తప్పుపట్టను. అద్దె కట్టాలి, పెట్టెలకు చోటు కావాలి, పదేళ్ళుగా ఎవరూ వచ్చి అడగలేదు.

మిగిలినవి మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి, ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో, అటకల మీద. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు ఆ పెట్టె దించండి. ఇంట్లో అందరికంటే పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి అడగండి. అత్త అనో, పిన్ని అనో చెబితే అక్కడితో ఆగకుండా పేరు అడగండి. వెనకవైపు ఎడమ నుంచి కుడికి రాయండి, మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను నొక్కితే ముందువైపు గీత తేలుతుంది, సిరా కూడా దిగుతుంది. రంగుల ఫొటోల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, దాని మీద పెన్సిలు పట్టదు, వాటికి విడిగా కవరు మీద రాసుకోవాలి. కొన్ని ముఖాలు ఎవరివో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. వాటిని వేరుగా తీసిపెట్టి ఆ ఊరి పాత స్టూడియోకు పట్టుకెళ్ళండి. చాలాచోట్ల ఆ పెద్దాయన కొడుకో మనవడో ఇంకా అక్కడే పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ, జిరాక్సు మిషను పక్కన కూర్చుని ఉంటాడు.